మావయ్యగారి ముక్కు

"ఇంగువ ఘాటు బాగా తగిలిందమ్మాయ్ ఇవాళ!" అన్నారు మావయ్యగారు, పప్పుచారు కలిపిన మొదటి ముద్ద ఇంకా నోటిదాకా వెళ్ళకముందే.

నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆ రోజు చారులో ఇంగువ లేదు. డబ్బా ముందురోజే ఖాళీ అయింది. బజారుకు వెళ్ళినప్పుడు తేవడం మరిచిపోయాను. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతోనే పోపు పెట్టేసి, ఆయన కనిపెట్టి ఏమంటారోనని బెరుకుగా వడ్డించాను. ఆయన కనిపెట్టలేదు. పైగా లేని వాసనను మెచ్చుకున్నారు. నాకెందుకో భయం వేసింది. ఆ భయం దేనికో అప్పటికింకా తెలియదు. పక్కగదిలో ఆడుకుంటున్న పిల్లలిద్దరి వైపు మాత్రం చూశాను.

ఆ మాట ఇంకెవరైనా అంటే మర్యాదకు అన్నారనుకుని వదిలేసేదాన్ని. మావయ్యగారు మర్యాదకు పొగిడే మనిషి కాదు. ఆయన కెమిస్ట్రీ ప్రొఫెసరు. చిన్నవయసులో విజయనగరం నుంచి రాయపూర్‌కు లెక్చరరుగా వచ్చి, ఇక్కడే ఒక కాలేజీలో జీవితమంతా గడిపారు. ప్రాక్టికల్స్‌లో ఏ విద్యార్థి అయినా తనకిచ్చిన లవణాన్ని గాజు నాళికలో యాసిడ్ వేసి వేడిచేస్తుంటే, ల్యాబు అవతలి మూల నుంచే "ఎసిటేట్! రాసుకో" అనేవారట. నాళికను ముక్కు దగ్గర పెట్టుకోకూడదనీ, దాని మూతి మీది గాలిని చేత్తో మెల్లగా తన వైపు తోసుకుని వాసన చూడాలనీ మొదటిరోజే పాఠం చెప్పేవారట.

ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. ఏ గిన్నె మీద మూత తీసినా కుడిచెయ్యి అలా ఊపుకునేవారు. "ఈ పాలు సాయంత్రం దాకా ఆగవు, ఇప్పుడే తోడు పెట్టీ" అనేవారు. ఆగేవి కావు. బిలాస్‌పూర్‌లో పెళ్ళికి వెళ్ళి రైల్లో తిరిగివస్తుంటే కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషి, "తిల్దా వచ్చీసింది, ఉప్పుడు బియ్యం ఉడకేస్తున్నారు" అన్నారు. నేను కిటికీలోంచి చూస్తే రైసుమిల్లుల గొట్టాలు అప్పుడప్పుడే కనబడుతున్నాయి. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆయన ముక్కంటే నాకు హడలు. మాడిన కూరను అడుగు గీకకుండా వేరే గిన్నెలోకి తీసి, పైన కొత్తిమీర చల్లి తెచ్చినా, "అడుగంటిందా?" అని అడిగేవారు. అందులో కోపం ఉండేది కాదు. పరీక్షలో తప్పు చూపించినట్టు అడిగేవారు, అంతే.

అలాంటి మనిషి లేని ఇంగువను పొగిడారు. నేను అడగలేదు. ఆయన ముద్ద ఇంకా నోట్లో పెట్టుకోలేదు. చెయ్యి మాత్రం ఊపుకున్నారు.

మా ఇంట్లో రోజు గడిచే పద్ధతి చెబితే తప్ప నా భయం అర్థం కాదు. అత్తగారు పోయి చాలాకాలమైంది. మావారిది సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగం. నేను మధ్యాహ్నం పూట నడిచే ఒక బడిలో పాఠాలు చెబుతాను. రిటైర్మెంటు దగ్గరపడిందని కాలేజీవాళ్ళు మావయ్యగారికి క్లాసులూ ల్యాబూ అన్నీ ఉదయం పూటే సర్దారు. ఆయన వచ్చాక నేను వెళతాను. కాసేపటికి పిల్లలు స్కూలు రిక్షాలో వస్తారు. పెద్దది రెండో తరగతి, చిన్నది నర్సరీ. నేను తిరిగివచ్చేదాకా వాళ్ళకు ఆయనే దిక్కు. నాలుగింటికి గ్యాసు వెలిగించి పాలు వేడిచేసి, చక్కెర వేసి ఇచ్చేది ఆయనే. ఆ పని ఆయనకు ఎంత ఇష్టమో! పాలు కలిపేటప్పుడు కూడా ల్యాబులో ద్రావణం కలిపినట్టు గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసేవారు.

ఇంగువ మాట తరువాత ఆయన్ని గమనించడం మొదలుపెట్టాను. ఒకరోజు పాలు అడుగంటాయి. పెద్దది ఒక గుక్క తాగి "ఛీ" అని గ్లాసు పక్కన పెట్టేసింది. ఆయన మాత్రం ఆ పాలతో కలిపిన కాఫీని చివరిదాకా తాగి గ్లాసు కింద పెట్టారు. ఇంకోరోజు ఆయన పేపరు చదువుకుంటుంటే, వెనకవైపు కిటికీ చువ్వలను కిరసనాయిల్లో తడిపిన గుడ్డతో తుడిచాను. నాకే తల తిరిగింది. పిల్లలు ముక్కులు మూసుకుని వరండాలోకి పరిగెత్తారు. ఆయన పేజీ తిప్పారు. పిల్లలు పరిగెత్తిన చప్పుడుకు తలెత్తి, నా చేతిలో గుడ్డ చూసి, అప్పుడు, "కిరసనాయిలు కాస్త ఎక్కువైనట్టుందమ్మాయ్" అన్నారు. ఆ మాట విన్నాక నాకిక అనుమానం మిగల్లేదు. ఆయనకు వాసన తెలియడం లేదు. తెలియడం లేదన్న సంగతి మాకు తెలియకుండా జాగ్రత్తపడుతున్నారు. మొదటిదానికన్నా రెండోదానికి నాకు ఎక్కువ భయం వేసింది.

మావారు డ్యూటీకి బయలుదేరుతుంటే చెప్పాను.

"మావయ్యగారికి వాసన తెలియడం లేదండీ."

ఆయన బూటులేసు కట్టుకుంటూ పకపకా నవ్వారు. "మా నాన్నకా? మా ప్లాంటులో ఏ ఫర్నేసు ఆపేరో ఇక్కణ్ణుంచే చెప్పీగలడు ఆయన. జుకామ్ చేసుంటాది."

"జలుబైతే ఇంగువ ఉందని ఎందుకంటారు?"

"కోడలి వంట మెచ్చుకున్నాడు కదా, సంతోషించు. ఊరికే టెన్షన్ తీసుకోకు."

"నవ్వులాట కాదండీ. మధ్యాహ్నం పూట పిల్లలు..."

"చూడు" అని లేచి నిలబడ్డారు, నవ్వు తగ్గించి. "నాలుగు రోజుల్లో రిటైరయ్యే మనిషి. జిందగీ అంతా ఆ ముక్కు మీదే బతికేడు. ఇప్పుడెళ్ళి నీ ముక్కు పనిచెయ్యట్లేదని నేనడగనా? నువ్వడుగు, అంత ధైర్యముంటే."

నేను అడగలేను. అది మావారికీ తెలుసు. మా ఇంట్లో ప్రశ్నలు అడిగేది మావయ్యగారే. జవాబులు చెప్పేది మిగతావాళ్ళం. నేను డిగ్రీ చదివినదాన్నే, బడిలో పిల్లలను నిలబెట్టి ప్రశ్నలు వేసేదాన్నే. అయినా ఆయన ఎదురుగా నిలబడితే వైవా పరీక్షకు వచ్చిన అమ్మాయినైపోయేదాన్ని.

అడగలేక చాటుమాటు జాగ్రత్తలు మొదలుపెట్టాను. బడికి వెళ్ళేముందు సిలిండరు మీట కట్టేసేదాన్ని. "పాలు కాచి ఉంచాను మావయ్యగారూ, ఎండలు మొదలయ్యాయి కదా, చల్లగానే ఇచ్చెయ్యండి" అని చెప్పేదాన్ని. ఆయన "ఊఁ" అనేవారు. సాయంత్రం వచ్చి చూస్తే మీట తిప్పి ఉండేది, పాలగిన్నె వెచ్చగా ఉండేది. ఆ విషయం ఆయన ఎత్తేవారు కాదు, నేనూ ఎత్తేదాన్ని కాదు. బడిలో నల్లబల్ల మీద రాస్తూ రాస్తూ సగంలో ఆగిపోయేదాన్ని. వెనక పిల్లలు గుసగుసలాడేవారు.

ఇప్పుడు ఇది రాస్తూ కూడా లేచి వెళ్ళి ఆ మీట మరోసారి చూసి వచ్చాను. పిల్లలు నిద్రపోతున్నారు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఆయన స్టూడెంటు ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. రైల్వే కాలనీలో ఉండే శ్రీకాకుళం వాళ్ళ పిల్ల, బీఎస్సీ ఆఖరి సంవత్సరం. ప్రాక్టికల్ పరీక్షల ముందు సందేహాలు అడగడానికి వచ్చింది. మావయ్యగారు స్నానం చేస్తుంటే, నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నచోటికి వచ్చి కూర్చుని, తనూ గుప్పెడు కాయలు ఒళ్ళో వేసుకుంది.

"సర్ ఈ ఏడాది ఏక్‌దమ్ మారిపోయేరాంటీ" అంది. "మా సీనియర్లు ఎంత భయపెట్టీసేరో! నువ్వు నోరు తెరవకముందే సర్ జవాబు చెప్పీస్తారు, నీకింక మార్కులేం మిగలవు అని. మాకు అలా ఏం లేదు. దగ్గరకొచ్చి ఇలా ఇలా చెయ్యి ఊపుకుని, 'నువ్వు చెప్పు, ఏం వాసన? మీ ఇంట్లో దేనిలాగుంది?' అంటారు. నేను నింబూ అచార్ లాగుంది సర్ అన్నాను. అందరూ నవ్వీసేరు. సర్ మాత్రం నవ్వలేదు. 'అయితే అదేంటో నువ్వే ఆలోచించు' అన్నారు. అప్పుడు తట్టింది నాకు, సిర్కా, అదే వెనిగర్ కదా అని. ఎసిటేట్ అన్నాను. శభాష్ అన్నారు! ఎంత బాగా నేర్పుతున్నారో. మా క్లాసంతా ఫిదా."

నా చేతిలో చిక్కుడుకాయ ఈనె తెగింది. ఆయన ఆ పిల్లల ముక్కులను అరువు తెచ్చుకుని పాఠం చెబుతున్నారు. అది వాళ్ళకు కొత్త బోధనా పద్ధతిలా కనబడుతోంది.

"మొన్నయితే బాప్ రే!" అని ఆ అమ్మాయి ఇంకా ఉత్సాహంగా చెప్పింది. "ఆ కుళ్ళిన గుడ్ల కంపు గ్యాసుంటుంది కదా, అది తయారుచేసే గాజుబుడ్డి బిరడా ఊడిపోయింది. మేమందరం వరండాలోకి ఒకటే పరుగు. సర్ లోపలే కుర్చీలో కూచుని రికార్డులు దిద్దుతున్నారు! 'ఏమర్రా, చదువుకోడానికొచ్చేరా, ఆటలాడ్డానికొచ్చేరా?' అని పైనుంచి మా మీదే కేకలు. ఆఖరికి అటెండరు కండువా ముక్కుకు కట్టుకుని లోపలికెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేడు. సర్‌కి భయం, డర్ అంటే ఏంటో తెలీదాంటీ, సచ్చీ!"

"ఆ గ్యాసు ఎక్కువసేపు పీలిస్తే?" అని అడిగాను.

"ఎక్కువయితే చచ్చిపోతాం కదా" అని కిలకిలా నవ్వింది. "థియరీలో ఉంది."

తల తిప్పేసరికి మావయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు, భుజం మీద తడి తువ్వాలుతో. ఎప్పుడు వచ్చారో తెలియదు. ఆయన ఆ అమ్మాయి వైపు చూడలేదు. నా వైపు చూశారు. నేను కళ్ళు దించుకోలేదు. ఆ ఒక్క చూపులో ఇద్దరం ఒకరి సంగతి ఒకరు తెలుసుకున్నాం. "పుస్తకం తియ్యమ్మా" అన్నారాయన ఆ అమ్మాయితో, గొంతులో ఏ తేడా లేకుండా.

ఆ తరువాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. నేను ఏదైనా అనబోతున్నట్టు కనిపిస్తే ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. భోజనం దగ్గర వాసనల మాట పూర్తిగా మానేశారు. చెయ్యి ఊపుకోవడమూ మానేశారు. ఉప్పూ కారం మాత్రం అడిగేవారు, అవి నాలుకకు తెలుస్తాయి కాబట్టి. ఉద్యోగం మానేస్తే ఈ బాధ ఉండదు కదా అనిపించేది. మానేస్తే ఆయనకు ఏ కారణం చెప్పాలో తెలిసేది కాదు.

మార్చి నెల. మధ్యాహ్నం వేడిగాలి, దుమ్ము మొదలైపోయి ఇళ్ళన్నీ కిటికీలు బిడాయించుకునే రోజులు. ఆ రోజు మా బడిలో ఏదో పరీక్ష ఉండి పిల్లలను తొందరగా వదిలేశారు. నేను రిక్షా దిగి గేటు తీశాను. వరండా మెట్టు మీద కాలు పెట్టగానే వాసన కొట్టింది. గ్యాసు.

తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తాను. ముందుగదిలో నేల మీద బోర్లా పడుకుని పిల్లలిద్దరూ రంగుపెన్సిళ్ళతో బొమ్మలు వేసుకుంటున్నారు. చిన్నది ఎడమచేత్తో ముక్కు మూసుకుని కుడిచేత్తో రంగు వేస్తోంది. కిటికీలు అన్నీ మూసి ఉన్నాయి. వంటింట్లో మావయ్యగారు స్టవ్ ముందు నిలబడి ఉన్నారు. పాలు పొంగి బర్నరు మీద, గట్టు మీద తెల్లగా పారాయి. మంట ఎప్పుడో ఆరిపోయింది. ఆయన ఎడమచెయ్యి స్టవ్ మీట మీద ఉంది. కుడిచేతిలో లైటరు.

"వద్దు!" అని అరిచాను. ఆయన తల కూడా తిప్పలేదు, అలవాటుగా లైటరును బర్నరు దగ్గరకు తీసుకెళుతున్నారు. నేను వెళ్ళి ఆ మణికట్టు రెండుచేతులా పట్టుకుని వెనక్కి లాగేశాను. పెళ్ళయ్యాక దణ్ణం పెట్టినప్పుడు పాదాలు తాకడమే తప్ప ఆయన్ని ఎన్నడూ ముట్టుకున్నదాన్ని కాదు. లైటరు కిందపడి గట్టు కిందికి దొర్లింది. ఆయన నన్ను కోపంగా చూశారు. తరువాత నా మొహం చూసి, స్టవ్ వైపు చూశారు.

"గ్యాసా?" అన్నారు.

నేను కిందికి వంగి సిలిండరు మీట కట్టేశాను. ఆయన అప్పటికే వంటింటి కిటికీ గడియ ఊడబెరుకుతున్నారు. "ఫ్యాన్ వెయ్యకు! ఏ స్విచ్చీ ముట్టుకోకు. పిల్లల్ని బయటికి తీసుకుపో. వెళ్ళు, వెళ్ళు!" అన్నారు. చెయ్యవలసినవన్నీ ఆయనకు తెలుసు. వరుసగా తెలుసు. వాసన ఒక్కటే తెలియలేదు.

పిల్లలిద్దర్నీ చెరో చంకలో ఇరికించుకుని గేటు బయటకు తీసుకుపోయాను. రోడ్డు మీద ఎండలో నిలబడ్డాం. చిన్నది నా భుజం మీద నుంచి ఇంటివైపు చూస్తూ, "అమ్మా, ఇంట్లో బద్బూ పోయిందా?" అని అడిగింది.

"నీకు వాసన వచ్చిందా?"

"వచ్చింది."

"మరి తాతయ్యకు చెప్పలేదా?"

"చెప్పాను. అది ఉర్లా గాలి అన్నాడు తాతయ్య."

"నేనూ చెప్పేను" అంది పెద్దది, తనను ఎవరో తప్పుపడుతున్నట్టు. "తాతయ్య కిటికీలు చూసి, అవును ఉర్లా ఫ్యాక్టరీల పొగే, బాగా మూసుకుని కూచోండి, పోతుంది అన్నాడు. మేం కూచున్నాం."

మా ఊళ్ళో ఏ కంపు వచ్చినా ఉర్లా మీదికి తోసేయడం అందరికీ అలవాటే. గాలి అటునుంచి తిరిగినప్పుడు ఆరేసిన బట్టలు కూడా మళ్ళీ ఉతుక్కుంటాం. కానీ ఆ మధ్యాహ్నం గాలి ఉర్లా వైపు నుంచి రాలేదు. పిల్లలు నిజం చెప్పారు. పెద్దాయన కాదన్నారు. వాళ్ళు ఆయన మాట నమ్మి, ముక్కులు మూసుకుని, బుద్ధిగా కూర్చున్నారు. అంతకన్నా మంచి పిల్లలు ఎవరికైనా ఉంటారా? ఆ మంచితనమే వాళ్ళను చంపేసేది.

ఇంట్లోంచి గ్యాసు పూర్తిగా పోయాక పిల్లలను పక్కింటికి పంపి, పెరట్లోకి వెళ్ళాను. మావయ్యగారు జామచెట్టు కింద స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచిపోలేదు.

"ఎప్పటినుంచి మావయ్యగారూ?"

"కిందటేడు చలికాలంలో జ్వరమొచ్చింది చూడు, అప్పుడు ముక్కు దిబ్బడేసింది. జ్వరం తగ్గింది, ముక్కూ విడింది. వాసన మాత్రం రాలేదు."

"డాక్టరుకి చూపించారా?"

"చూపించేను. మీకు చెప్పకుండా వెళ్ళి చూపించేను. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఈ వయసులో రాకపోడమే ఎక్కువట." స్టూలు మీద సర్దుకుని కూర్చుని, "మొదట్లో పొద్దున్నే లేచి కాఫీపొడి డబ్బా మూత తీసి చూసుకునేవాణ్ణి, వచ్చిందేమోనని" అన్నారు.

జాలి కలిగింది. కానీ దాని కింద నుంచి కోపం పొంగుకొచ్చింది. ఎన్నడూ అడగననుకున్న ప్రశ్న నా నోట్లోంచి వచ్చేసింది. "మీకు తెలియదని మీకు తెలుసు కదా! చిన్నది కంపు వస్తోందని చెబితే ఉర్లా గాలని ఎందుకన్నారు?"

ఆయన రాలిన జామాకు ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపారు.

"నాకు తెలీదమ్మా అండానికి నోరు రాలేదు" అన్నారు. "పిల్లలు ఏ వాసనొస్తోందన్నా ఉర్లా గాలి అనీడం అలవాటైపోయింది. ఏడాది బట్టీ అదే జవాబు. సగంసార్లు నిజవే అయ్యేది."

"ఇవాళ కాలేదు."

"కాలేదు." రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూసుకుంటున్నారు. "ఆ గ్యాసుకి అసలు వాసనుండదు, తెలుసా? కారితే జనం పసిగట్టాలని ఆ కంపు కావాలని కలుపుతారు. ఏటేటా క్లాసులో నేనే చెప్తాను."

"మీరింక స్టవ్ ముట్టుకోవద్దు మావయ్యగారూ."

"సరే" అన్నారు. అంత పెద్దమనిషి నాకు ఎదురు చెప్పకుండా సరే అంటుంటే వినలేకపోయాను. అయినా ఆపలేదు. అక్కడ ఆపితే మళ్ళీ ధైర్యం రాదని తెలుసు.

"మరి ల్యాబు?"

"వచ్చే వారం ప్రాక్టికల్ పరీక్షలు. నా ఆఖరి బ్యాచి. ఆ నాలుగు రోజులూ గడిచిపోతే..."

"మొన్న వచ్చిన పిల్ల కూడా అదే గదిలో నిలబడుతుంది కదా. బిరడా మళ్ళీ ఊడితే, వాళ్ళు పరిగెత్తబోతే, మీరు కూర్చోమంటే, వాళ్ళూ కూర్చుంటారు. మన పిల్లల్లాగే."

ఆయన తలెత్తి నన్ను చూశారు. నేను జవాబు సరిగ్గా చెప్పానో లేదో చూస్తున్నట్టుగా ఉంది ఆ చూపు. "రేపు ప్రిన్సిపాల్‌తో చెప్పీస్తాను" అన్నారు. "థియరీ పేపర్లు దిద్దుకుంటాను. ల్యాబు వేరేవాళ్ళు చూసుకుంటారు."

సాయంత్రం మావారు వచ్చారు. జరిగింది చెబితే మొదట నమ్మలేదు. గట్టు కింద నుంచి లైటరు తీసి చేతిలో పెడితే, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి నా మీదికే తిరిగారు.

"అందుకే చెప్తున్నాను, నువ్వా ఉద్యోగం ఛోడ్ దో. ఇంట్లో ఉంటే ఏ గొడవా ఉండదు."

పెరటి గుమ్మంలోంచి మావయ్యగారి గొంతు వినబడింది. "అమ్మాయెందుకు మానాలిరా? ముక్కు పోయింది నాది."

మావారికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. లేచి వెళ్ళి తండ్రి పక్కన గుమ్మం మీద కూర్చున్నారు. నేను మర్నాటి నుంచి పాలు వేడిగా పోసి వెళ్ళడానికి అటక మీది పెద్ద ఫ్లాస్కు దింపి కడిగాను. కడుగుతుంటే మావయ్యగారు నీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చి, గ్లాసు పట్టుకుని అక్కడే ఆగారు.

"పిల్లలకి ఇది ఎవరో ఒకరు చెప్పాలి. నావల్ల కాదు, నువ్వే చెప్పు" అన్నారు. "నేను కాలేజీకి వెళ్ళకముందు చెప్పు. నా ఎదురుగా. నా వెనకాల చెప్తే రేపట్నించి నన్ను చూసి వాళ్ళు జాలిపడతారు."

ఆ రాత్రి నేను పడుకుని వెతికింది మాటల కోసం కాదు. మాటలు సులభమే. పుట్టినప్పటి నుంచి పెద్దల మాట వినండి, తాతయ్య చెప్పినట్టు చెయ్యండి అని చెబుతూ వచ్చినదాన్ని నేనే. ఇప్పుడు ఆ తాతయ్య ఎదురుగానే వినొద్దని చెప్పాలి. ఎంతవరకు వినాలో, ఎక్కడ మానాలో నాలుగేళ్ళ పిల్లకు అర్థమయ్యేట్టు చెప్పాలి.

పొద్దున్న పిల్లలు యూనిఫాములు వేసుకుని పోహా తింటున్నారు. మావయ్యగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి వాళ్ళ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మావారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేను పిల్లల పక్కన నేల మీద కూర్చున్నాను.

"తాతయ్యకు జ్వరం వచ్చినప్పటి నుంచి వాసనలు తెలియడం లేదు" అని చెప్పాను. "నిన్న మీరు చెప్పిందే నిజం. అది ఉర్లా గాలి కాదు. గ్యాసు."

"పూల వాసన కూడా తెలీదా?" అని పెద్దది నన్ను అడిగింది.

"తెలియదు."

చిన్నది పోహా గిన్నె వదిలి లేచి, ఆయన మోకాళ్ళ మధ్యకు వెళ్ళి తల వంచి, జుట్టు ఆయన ముక్కు కిందకు పెట్టింది. "నాది?"

"తెలీదమ్మా" అన్నారాయన. తన నోటితో ఆ మాట అనడం నేను వినడం అదే మొదటిసారి.

నేను మిగిలింది చెప్పాను. పాలు ఫ్లాస్కులో ఉంటాయి. తాతయ్య స్టవ్ వెలిగించరు, మీరూ ముట్టుకోకూడదు. ఏ వాసన వచ్చినా తాతయ్యకు చెప్పండి. నిన్న వచ్చిన వాసన మళ్ళీ వస్తే మాత్రం ఎవరినీ అడగవద్దు. లైటు స్విచ్చి వెయ్యవద్దు. తాతయ్య చెయ్యి పట్టుకుని బయటికి లాక్కురండి.

"తాతయ్య ఏం లేదు, కూచోమంటే?" అంది పెద్దది.

"కూర్చోవద్దు. చదువు దగ్గర, తిండి దగ్గర, రోడ్డు దాటే దగ్గర తాతయ్య ఎలా చెబితే అలాగే వినాలి. ఈ ఒక్కదాని దగ్గర వినక్కర్లేదు."

పెద్దదానికి అన్నీ పూర్తిగా తెలియాలి, ఆయన మనవరాలు కదా. "లాగినా రాకపోతే? తాతయ్య బరువుగా ఉంటాడు కదా."

నేను మావయ్యగారి వైపు చూశాను. ఆయన చిన్నదాని తల మీద చెయ్యి ఉంచి, కదలకుండా, నేను చెప్పబోయేది వినడానికి కూర్చుని ఉన్నారు.

"రాకపోతే ఆగవద్దు" అని చెప్పాను. "తాతయ్యను అక్కడే వదిలేసి, చెల్లెలి చెయ్యి పట్టుకుని బయటికి పరిగెత్తు. గేటు దాటాక గట్టిగా కేకలు పెట్టు."